తుపాకీలో జమ్మి ఆకు

మొన్న దసరాకు ముందు పసుపు కొనడానికి నిజామాబాద్ గంజ్ మార్కెట్‌కు వెళ్ళాను. బస్తాల నడుమ దారి చేసుకుంటూ పోతుంటే ఒక వాసన తగిలి కాళ్ళు ఆగిపోయాయి. పసుపు ఘాటు ఈ ఊరివాళ్ళకు కొత్తేం కాదు, సీజనులో రోడ్డు మీదికి కూడా కొడుతుంది. కానీ పక్కనే ఒకాయన పాత ఇనుప కాంటాను తుడిచి, దాని కీలుకు కొబ్బరినూనె రాస్తున్నాడు. పసుపు, కొబ్బరినూనె, ఇనుము. ఈ మూడూ కలిస్తే నాకు తుపాకీ వాసన. ఎవరితోనైనా అంటే నవ్వుతారు. తుపాకీకి మందుగుండు వాసన ఉంటుంది గానీ పూజగది వాసన ఏమిటంటారు. నాకు మాత్రం తుపాకీతో అసలు పరిచయం పూజగదిలోనే అయింది. ఆ పరిచయం చేయించింది వసుంధర మేడం.

మేడం మెడికల్ కాలేజీలో ప్రజారోగ్యం పాఠాలు చెప్పేవారు. ఆమె తాతగారు కాలువ నీళ్ళను నమ్ముకుని కోస్తా నుంచి బోధన్ వచ్చి చెరుకు వేసిన రైతు. మేడం పుట్టింది, పెరిగింది ఆ రైతులు కట్టుకున్న క్యాంపులోనే. మాట కోస్తాది, మధ్యలో దొర్లే ఉర్దూ బోధన్‌ది. పొట్టి మనిషి. చేతికి వాళ్ళ నాన్నగారి పెద్ద గడియారం. మోకాళ్ళు పనికిరాకుండా పోయినా ఎవరింటికి వెళ్ళినా నేల మీదే కూర్చునేవారు. లేవాలంటే ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యి పట్టుకోవాలి. "పట్టండమ్మా, ఈ మూటని లేపండి" అనేవారు. అంత పెద్ద డాక్టరమ్మను చెయ్యి పట్టి లేపాక ఇక ఏ ఇంట్లోనూ ఎవరూ ఆమె దగ్గర బిగుసుకుపోయేవారు కాదు. మొదట్లో అది ఆమె ఎత్తు అనుకున్నాను. తర్వాత తెలిసింది, మోకాళ్ళ నొప్పీ నిజమే, నేల మీద కూర్చోవడంలో ఆమె సంతోషమూ నిజమే.

నేను సోషల్ వర్క్ చదివి ఖాళీగా ఉన్న రోజుల్లో ఆమె దగ్గర పనికి చేరాను. తుపాకీ గాయాలు ఎలా అవుతున్నాయి, ఎలా ఆపవచ్చు అన్నది ఆమె పరిశోధన. "మన జిల్లాల తుపాకులు ఏడున్నయి మేడం?" అని అడిగాను, తెలివైన ప్రశ్నే అడిగాననుకుని. ఆమె నన్ను బోధన్ అవతల చెరుకు తోటల గట్ల మీద తిప్పారు. అడవిపందులు దొర్లి పోయిన చోట చెరుకు రోలర్ తొక్కించినట్టు పడి ఉంది. పందుల్ని తరమడానికి లైసెన్సు తీసుకున్న ఒంటి గొట్టం తుపాకులు అక్కడక్కడా ఇళ్ళలో ఉన్నాయి. తాతకు వచ్చింది తండ్రికి, తండ్రిది కొడుక్కి. అవి ఎవరికీ తుపాకుల్లా కనిపించవు. గడ్డపారకు ఒక మూల ఉన్నట్టే వాటికీ ఒక మూల ఉంటుంది.

ఆమె నేర్పిన మొదటి పాఠం ప్రశ్న అడగడం. నేను రాసుకెళ్ళిన ప్రశ్నలన్నీ "ఎందుకు"తో మొదలయ్యాయి. తుపాకీ ఎందుకు పెట్టుకున్నారు, ఎందుకు పేలింది. మేడం వాటిని చూసి నవ్వారు.

"పద్మా, 'ఎందుకు' అని అడిగితే నువ్వు పోలీసువి. 'ఎలా' అని అడిగితే చుట్టానివి. ఎలా తుడుస్తారు, ఎక్కడ పెడతారు, ఎవరు తీస్తారు, అది అడుగు. మిగతాది వాళ్ళే చెబుతారు."

చుట్టాన్ని కావడానికి నాకు చాలా కాలం పట్టింది. నా నోట్లో పోలీసు అంత తొందరగా చావలేదు.

ఆసుపత్రి సర్జికల్ వార్డులో తుపాకీ గాయంతో చేరినవాళ్ళు అరుదుగానే ఉండేవారు. వాళ్ళను మేమిద్దరం వెళ్ళి పలకరించేవాళ్ళం. ఎవరినడిగినా ఒకటే మాట: "తుడుస్తుంటె పేలింది." పాత గాయాలవాళ్ళను ఊళ్ళలో వెతికి పట్టుకున్నా అదే మాట. పైగా ఎక్కువమందికి దెబ్బ తగిలింది దసరా రోజుల్లోనే. నాకు ఇందులో వింత కనిపించలేదు. పండగకు అందరూ ఇల్లు దులుపుతారు, తుపాకీ కూడా తుడుస్తారు, అప్పుడే పేలుతుంది, సరిపోయింది. అదే మాట కారులో మేడంతో అన్నాను. ఆమె డ్రైవరుతో కారు క్యాంపుకు తిప్పమన్నారు.

క్యాంపులో ఆమె తమ్ముడి దగ్గర లైసెన్సు తుపాకీ ఉంది. "మా పద్మకి నీ తుపాకీ తుడిచి చూపించరా" అన్నారు. ఆయన తీసుకొచ్చి, ఒక మీట నొక్కి, తుపాకీని నడిమికి విరిచాడు. గొట్టం కిందికి వాలి, వెనక తూటా పెట్టే రంధ్రం బయటపడింది. గొట్టంలో నుంచి అవతల పెరటి వెలుగు గుండ్రంగా కనిపించింది.

"విరవకుండా తుడవలేవా?" అడిగారు మేడం.

"గొట్టం లోపలికి గుడ్డ ఎట్లా పోద్దక్కా? ముందు విరవాల్సిందే."

"విరిస్తే తూటా?"

"ఉంటే చేతిలోకి వస్తది. లోపల ఎట్లా ఉంటది?"

మేడం నావైపు చూశారు. కళ్ళలో చిన్నపిల్లకు పొడుపుకథ దొరికినప్పటి మెరుపు. "అయితే తుడుస్తుంటే ఎలా పేలింది పద్మా? అందరూ ఒకే అబద్ధం ఎందుకు చెబుతున్నారో మనకి అనవసరం. ఆ అబద్ధం వెనక ఇంట్లో ఏం జరుగుతుందో అది కావాలి." నేరం పట్టుకున్నానన్న సంబరం ఆమెలో లేదు. తెలుసుకోవాలన్న ఆకలి మాత్రం ఉంది. అంతటి కుతూహలం గల మనిషిని మళ్ళీ చూడలేదు.

ఆ వానాకాలంలో స్థానిక ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించాలి. ఫలితాలు వచ్చాక తిరిగి ఇస్తారు. ఆ ఏడాది తిరిగి ఇచ్చే రోజులు సరిగ్గా దసరా ముందు పడ్డాయి. జిల్లా ఆఫీసులో మీటింగు పెట్టినప్పుడు ఒక అధికారి చాలా తేలిగ్గా తేల్చేశాడు. "ఎలాగూ మన దగ్గరే ఉన్నాయి కదా మేడం, ఇవ్వకుండా ఆపేద్దాం. గొడవ వదిలిపోతుంది." మేడం మంచినీళ్ళు తాగి, "ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా సార్?" అన్నారు. "తుపాకీ పోయిన చోట పొలం చుట్టూ కరెంటు తీగ వస్తుంది. పంది చస్తుంది, దానితో పాటు తెల్లారి నీళ్ళు కట్టడానికి వెళ్ళినవాడూ చస్తాడు. తుపాకీ ఇంట్లో ఉండగానే మనుషులు బతకడం ఎలాగో చూడనివ్వండి." ఆయనకు ఈ మాట నచ్చలేదు. తుపాకులు ఎప్పటిలాగే ఇచ్చేస్తాం, మీ పని సంగతి దసరా అయ్యాక చూద్దామన్నాడు. దసరా అయ్యాక చూడ్డానికి ఏముంటుందో ఆయనే చెప్పాలి.

రెంజల్ వైపు ఒక ఊళ్ళో రాజన్న అనే చెరుకు రైతు ఇల్లుంది. అంతకు ముందు దసరాకు ఆ ఇంట్లో తుపాకీ పేలి, అతని కూతురు శ్రావణి ఎడమ పాదానికి గుళ్ళు తగిలాయి. ఆ పిల్ల మూడో తరగతి. పాదం నిలిచింది గానీ కాలు ఈడ్చుకుంటూ నడిచేది. రాజన్న కూడా "తుడుస్తుంటె నా చేతిలనే పేలింది" అనే చెప్పాడు. ప్రమాదమని తేల్చి అధికారులు అతని తుపాకీ అతనికే ఉంచారు. ఇప్పుడు అందరి తుపాకులతో పాటు అదీ తిరిగి రాబోతోంది. మేము వెళ్ళిన రోజు ఇంట్లో పిల్లలూ, రాజన్న తల్లి గంగవ్వా ఉన్నారు. రాజన్న భార్య పసుపు చేనులో కలుపుకు పోయింది. మేడం యథాప్రకారం నేల మీద చతికిలబడ్డారు. గంగవ్వ పోకచెక్కలు కత్తిరిస్తోంది. నడక వచ్చీరాని మనుమడు ఆమె చుట్టూ తిరుగుతున్నాడు. శ్రావణి గడప మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది.

మేడం తుపాకీ ఊసే ఎత్తలేదు. దసరాకు పిండివంటలేం చేస్తారు, బతుకమ్మకు పువ్వు ఎక్కణ్ణుంచి తెస్తారు, ఇవే మాటలు. మెల్లగా ఆయుధ పూజ దాకా వచ్చారు. "పూజలో ఏమేం పెడతారవ్వా?"

"అన్ని పెడ్తం బిడ్డా. కొడవలి, గొడ్డలి, గడ్డపార, ట్రాక్టరు తాళంచెవి. మోటరుకు గుడ బొట్టు పెడ్తం." అక్కడ ఆగి, "తుపాకి గుడ" అంది గంగవ్వ.

"ఎలా పెడతారు?"

గంగవ్వ ఇంకో పోకచెక్క తీసుకుంది. గడప మీద నుంచి శ్రావణి అంది: "నింపి పెడ్తరు. ఖాలీది దేవి ముందల పెట్టద్దని."

అడకత్తెర గంగవ్వ చేతిలో అలాగే ఉండిపోయింది. ఇక తానే చెప్పింది. "మాకు ఎవలింటికన్న గిన్నె తిరిగి ఇస్తె ఖాలీగ ఇయ్యం గద బిడ్డా. చిటికెడు సక్కెరన్న ఏసి ఇస్తం. గసుంటిది, దేవి ముందల ఖాలీ తుపాకి ఎట్ల పెడ్తం? మా అత్త గట్లనే పెట్టేది. నేనే నా కొడుకుకు తూటా పెట్టుమన్న. గోడకు ఆనిచ్చి బంతిపూల దండ ఏసిన. పిల్ల పువ్వు కోసం దండ గుంజింది, తుపాకి కిందవడి పేలింది." చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "నా కొడుకు నన్ను పోలీసులకు చెప్పలె. తుడుస్తుంటె పేలిందన్నడు. ఇయాల్టి దాక నన్నొక్క మాట అనలె. అంటెనన్న బాగుండు."

వార్డులో విన్న ఆ ఒకే మాట వెనక ఇంతమంది తల్లులు, అత్తలు, దేవత ముందు ఖాళీ చెయ్యి చాపకూడదన్న మర్యాద ఉన్నాయని ఎవరనుకున్నారు? ఈ పొరపాటు ఇక్కడివాళ్ళే చేయగలరు. దాన్ని చేయించింది నిర్లక్ష్యం కాదు, భక్తి. మేడం జరిగి గంగవ్వ మోకాలి మీద చెయ్యి వేశారు. "తప్పు వెతకడానికి రాలేదవ్వా. వచ్చే దసరా కోసం వచ్చాం. ఈసారి తూటా లేకుండా పెడదామా?"

గంగవ్వ తల అడ్డంగా ఊపింది. ఏడుపు ఆగింది గానీ మాట గట్టిపడింది. "పోయినేడు పిల్లకు గట్లయింది. ఈయేడు దేవికి ఖాలీది పెడితె ఇంకేమన్న అయితె? నా మనుమడున్నడు. నేను పెట్టలేను బిడ్డా."

నాకు ఒళ్ళు మండింది. అంత జరిగినా ఇంకా అదే మాటా అని నోటిదాకా వచ్చింది. మేడం కళ్ళతోనే ఆపారు. అప్పుడు శ్రావణి గడప మీద నుంచి లేచి, కాలు ఈడ్చుకుంటూ మేడం దగ్గరికొచ్చింది. "మేడం, తుపాకి ఇంటికొస్తె నేను యేడికి పోవాలె? మా అత్తమ్మోళ్ళింటికి పోతనంటె బాపు వద్దంటున్నడు."

పందులతో రాజన్న ఇబ్బందీ నిజమే, దేవి గురించి గంగవ్వ భయమూ నిజమే. మధ్యలో ఈ పిల్ల తన ఇంట్లో తాను ఉండాలి. మేడం గంగవ్వ చేతిలోని అడకత్తెర అడిగి తీసుకుని, దాన్ని తెరిచి పట్టుకున్నారు. "అవ్వా, తుపాకీ కూడా ఇలాగే తెరుచుకుంటుంది. తెరిస్తే తూటా పెట్టే చోటు కనిపిస్తుంది. నువ్వు చెప్పిందే సరి, ఖాళీది పెట్టొద్దు. తూటా కాకుండా ఆ చోట ఏం నింపొచ్చు? నాకు తెలీదు. నువ్వే చెప్పాలి."

అది వేషం కాదు. ఆమెకు నిజంగానే తెలీదు. గంగవ్వ ఆలోచనలో పడింది. పసుపు కొమ్ము అంది, మళ్ళీ తనే వద్దంది. బియ్యం రాలిపోతాయంది.

"బంగారం పెడ్దామవ్వా," అంది శ్రావణి.

మా వైపు దసరా సాయంత్రం ఊరంతా జమ్మి చెట్టుకు మొక్కి, ఆకు తెచ్చి, ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని అలాయి బలాయి అంటూ కౌగిలించుకుంటాం. ఆ ఆకునే బంగారం అంటాం. దానికన్నా నిండైనది ఆ రోజు ఇంకేముంటుంది? గంగవ్వ ముఖం విచ్చుకుంది. అంతలోనే ముడుచుకుంది. "బంగారం పొద్దుగాల యేడ దొరుకుతది? పూజ పొద్దుగాలనాయె, జమ్మి కాడికి పోయేది మాపటికి." గంగవ్వ మనుమణ్ణి ఒళ్ళోకి లాక్కుని కాసేపు ఊగింది. చివరికి, "అయితె తుపాకి మాపటి దాక ఆగుతది. దానికి బంగారం వచ్చినంకనే పూజ," అని తీర్పు చెప్పింది. ఆమె మాటకు ఆ ఇంట్లో తిరుగులేదని రాజన్న తర్వాత మాతో అన్నాడు. అలా అంటున్నప్పుడు అతను తల్లి ముఖంలోకి చూశాడు. ఏడాదిగా చూడలేదట.

దసరా రోజు మేమూ వెళ్ళాం. స్టేషను నుంచి వచ్చిన తుపాకీని రాజన్న విరిచి, ఒక తెల్లగుడ్డ మీద వసారాలో పడుకోబెట్టాడు. తూటాల పెట్టెకు వేరేచోట తాళం. పొద్దున కొడవలికీ గొడ్డలికీ పూజ అయిపోయింది. తుపాకీ మాత్రం ముహూర్తం కోసం కాచుకున్న పెళ్ళికొడుకులా బయటే ఉంది. శ్రావణి ఆ రోజంతా దానికి దూరంగా గోడ వెంబడే నడిచింది. సాయంత్రం జమ్మి దగ్గర నుంచి అందరూ వచ్చాక గంగవ్వ తుపాకీని పూజగదిలోకి తెప్పించి, కొబ్బరినూనె రాసి, పసుపు పూసి, మొదటి బంగారం మనుమరాలి చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టు బిడ్డా."

పిల్ల కదల్లేదు. రాజన్న తుపాకీని రెండు చేతులతో ఎత్తి, తెరిచిన గొట్టాన్ని దీపం వైపు పట్టాడు. "సూడు తల్లీ, ఇటు నుంచి అటు కనవడ్తది." శ్రావణి వచ్చి, వంగి చూసింది. గొట్టం అవతల దీపం. ఆకును ఆ రంధ్రంలో పెట్టింది. గంగవ్వ దండం పెట్టింది. పసుపు, కొబ్బరినూనె, ఇనుము వాసన ఆ గదంతా నిండింది.

"భయం పోయిందా?" మేడం అడిగారు.

"పోలే," అంది శ్రావణి. "గని ఇంట్లనే ఉంట."

తిరుగు దారిలో నేను పొంగిపోతూ మాట్లాడాను. ఇక జిల్లా అంతా చెప్పేద్దాం, పేపర్లకు ఇద్దాం అన్నాను. మేడం కిటికీలోంచి చెరుకు చూస్తూ, "ఒక్క ఇల్లు పద్మా, ఒక్క దసరా. వచ్చే ఏడు ఏమీ జరక్కపోతే మన ఆకు వల్లేనా? ఆకు లేకపోయినా జరిగేది కాదేమో. మనకేం తెలుసు?" అన్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టామా అని నీరుగారిపోయాను. ఆమె నవ్వి, "ఎలుక దొరికింది కదా, అదెక్కడికి పోతుందో చూద్దాం పద" అన్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చూశాం. ఆ సాయంత్రం జమ్మి దగ్గర గంగవ్వ నలుగురితో చెప్పిన మాట కొన్ని ఊళ్ళకు దానంతటదే నడిచిపోయింది, కొన్ని ఊళ్ళవాళ్ళు వినలేదు. మేడం అడగ్గా అడగ్గా ఒక స్టేషనులో తుపాకులు తిరిగిచ్చేటప్పుడు విరిచి చూపించి ఇవ్వడం మొదలుపెట్టారు. పక్క స్టేషనులో నవ్వేశారు. మేడం తన రిపోర్టులో రెండూ రాశారు. నచ్చనిది దాచిపెట్టడం ఆమెకు చేతకాదు. అప్పుడు నాకు కోపమొచ్చేది. ఇప్పుడు అదే పనిలో ఉన్న నేను, నా దగ్గర పనికి చేరిన పిల్లలకు అన్నిటికన్నా ముందు అదే చెబుతున్నాను.

మేడం పోయి రెండేళ్ళు దాటింది. గంగవ్వ అంతకు ముందే పోయింది. గంజ్‌లో ఆ వాసన తగిలాక మనసు ఊరుకోలేదు. ఈసారి దసరాకు ఆ ఊరు వెళ్ళాను. శ్రావణి నర్సు అయింది, డ్యూటీ ఉండి పండక్కి రాలేకపోయింది. అప్పుడు అవ్వ ఒళ్ళో ఊగిన మనుమడు అనిల్ ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. రాజన్న పక్కన ఉండి చూస్తుంటే, వసారాలో తెల్లగుడ్డ మీద పడుకోబెట్టిన తుపాకీని తుడుస్తున్నాడు. విరిచే ఉంది. నేను నేల మీద కూర్చున్నాను. నాకూ మోకాళ్ళు పోయాయి.

"దీనికి ఎలా పూజ చేస్తారు బాబూ?" అని అడిగాను.

నేనెవరో వాడికి తెలీదు. చేతిలోని గుడ్డ ఆపి, ఏమీ తెలియని పట్నపు మనిషికి చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "దీనికి పొద్దుగాల పూజ ఉండది మేడం. మాపటికి బంగారం వచ్చినంకనే. గిట్ల తెరిచి, గీడ బంగారం పెడ్తం. తూటా పెడితె దేవికి కోపమొస్తది. మా తాతల తాతల సంది గంతే."

రాజన్న ఏదో చెప్పబోయాడు. వద్దని చేత్తో సైగ చేశాను. మేడం పేరు ఆ ఇంట్లో కొడుక్కి తెలీదు, ఊళ్ళో అతని ఈడు వాళ్ళెవరికీ తెలీదు. ఆమె ఉంటే ఏం చేసేవారో వెంటనే తోచింది. గడియారం చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, కళ్ళు మెరిపిస్తూ ఇంకో ప్రశ్న అడిగేవారు. అదే అడిగాను.

"తాతల తాతలప్పుడు ఎవరు మొదలుపెట్టారట?"

"యేమో మేడం," అన్నాడు అనిల్, గొట్టంలోంచి వెలుగు చూస్తూ. "ఎవలో మంచోళ్ళే అయ్యుంటరు." తర్వాత గుడ్డ పక్కన పెట్టి, నన్ను లేపడానికి చెయ్యి అందించాడు.